ముట్లు ఆగాక మళ్లీ బ్లీడింగ్: గ్రాన్యులోజా సెల్ ట్యూమర్ ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ జారిపోతుంది

ముట్లు ఆగిపోయి నాలుగైదేళ్లయిన మనిషికి మళ్లీ బ్లీడింగ్ మొదలైతే అందరి చూపూ గర్భసంచి మీదికే పోతుంది. స్కానింగ్‌లో లోపలి పొర మందంగా ఉందంటారు. డి అండ్ సి చేసి ఆ పొర ముక్క తీస్తారు. రిపోర్టులో ఎండోమెట్రియల్ హైపర్‌ప్లేసియా అని, అంటే లోపలి పొర అతిగా పెరిగిందని వస్తుంది. గర్భసంచి తీసేస్తే సరిపోతుందనుకుని ఫైలు మూసేస్తారు. కొంతమంది విషయంలో అది సరైన దారే. కానీ ముట్లు ఆగిన ఒంట్లో ఆ పొరని అంతలా పెంచడానికి ఈస్ట్రోజన్ ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరో ఒకరు అడగాలి. ఆ ప్రశ్నకు ఒక్కోసారి దొరికే జవాబు, పక్కనే అండాశయంలో పెరుగుతున్న గ్రాన్యులోజా సెల్ ట్యూమర్.

అండం చుట్టూ పొరలుగా ఉండి దాన్ని పెంచే కణాలు గ్రాన్యులోజా కణాలు. వాటి పక్కనుండే థీకా కణాలు ఆండ్రోజన్ తయారుచేస్తే, అరోమటేజ్ ఎంజైముతో దాన్ని ఈస్ట్రాడయాల్‌గా మార్చేది ఇవే. ఈ కణాల నుంచి పుట్టిన గడ్డ కూడా ఆ అలవాటు మానదు. మొత్తం అండాశయ కేన్సర్లలో నూటికి 2 నుంచి 5 దాకా ఈ రకం. అందులో 95 శాతం పెద్దవాళ్ల రకం, అంటే అడల్ట్ టైపు. ఎక్కువగా 50-55 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. మిగతాది జువెనైల్ రకం, పిల్లల్లోనూ ముప్ఫై లోపు వాళ్లలోనూ వస్తుంది. ఇక్కడ రాసేదంతా దాదాపు అడల్ట్ రకం గురించే.

విశాఖలో ఈ మాట రాయడానికి కారణముంది. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు, అటు కోరాపుట్ దాకా కేసులన్నీ చివరికి ఇక్కడికే చేరతాయి. చేరేసరికి స్కాన్ ఒకచోట, ఆపరేషన్ ఒకచోట, ముక్క పరీక్ష ఇంకోచోట జరిగి ఉంటాయి. ఖరీదైన పరీక్షలు లేక ఈ గడ్డ తప్పిపోవడం తక్కువ. తలా ఒక సంగతి తెలిసినవాళ్లు ఆ సంగతుల్ని ఒకే కాగితం మీద పెట్టకపోవడం వల్ల తప్పిపోవడమే ఎక్కువ.

ఓపీలో, స్కాన్ గదిలో

"ముట్లు ఆగి ఎన్నేళ్లయిందమ్మా?" అని అడిగితే "ఆగిపోయాయనుకున్నానండీ, మళ్లీ అవుతున్నాయండీ" అంటారు. ఒంట్లో వేడి చేసిందనుకుని నెలల తరబడి సబ్జా నీళ్లు తాగి ఊరుకున్నవాళ్లూ ఉంటారు. బ్లీడింగ్ ఒక్కటే అడిగి వదిలేయకూడదు. రొమ్ముల్లో సలుపు ఉందా, పొట్ట బరువుగా ఉందా, నడుము దగ్గర చీర బిగుతవుతోందా అని కూడా అడగాలి. ఇంకా ముట్లు ఆగనివాళ్లలో కథ తిరగబడొచ్చు. గడ్డ విడుదల చేసే ఇన్హిబిన్ అనే హార్మోను వల్ల, అండాశయాన్ని పనిచేయించే పిట్యూటరీ హార్మోను ఎఫ్ఎస్‌హెచ్ అణిగిపోయి అసలు ముట్లే రాకపోవచ్చు. అలాంటి మనిషి పిల్లల్లేరని సంతాన కేంద్రాల చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు. కొందరు హఠాత్తుగా కడుపు నొప్పితో, బీపీ పడిపోయి ఎమర్జెన్సీకి వస్తారు. గడ్డ లోపల రక్తనాళాలు బలహీనంగా ఉంటాయి కాబట్టి అది పగిలి కడుపులో రక్తం నిండుతుంది. వయసు తక్కువైతే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ అనుకుని కడుపు తెరుస్తారు.

మన రాష్ట్రానికి ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పై వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూ వచ్చాయి. నలభై దాటకముందే ఆపరేషన్ అయిపోయి, అండాశయాలు మాత్రం లోపలే ఉన్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఈ గడ్డ ఇచ్చే మొదటి హెచ్చరిక బ్లీడింగే. గర్భసంచే లేనప్పుడు ఆ హెచ్చరిక రాదు. "నాకు గర్భసంచి లేదుగా, ఇంక అక్కడ ఏ జబ్బూ రాదు" అనే ధీమా పేషెంటుకి ఉంటుంది, కొన్నిసార్లు చూసే డాక్టరుకీ ఉంటుంది. అలాంటి మనిషికి పొట్టలో గడ్డ తగిలితే పాత ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు తీశారా ఉంచారా అన్నది చూడందే అడుగు ముందుకు వేయకూడదు. కాగితాల్లేకపోతే స్కాన్ చేసే డాక్టరుకి ఆ సంగతి నోటితోనైనా చెప్పాలి.

స్కాన్‌లో ఇది రెండు మూడు వేషాల్లో కనిపిస్తుంది. చిన్న చిన్న గదులు చాలా ఉండి, మధ్యలో గట్టి భాగం ఉన్న పెద్ద గడ్డ ఒకటి. పూర్తిగా గట్టి గడ్డ ఇంకొకటి. గదుల్లో రక్తం నిలిచి నీటిలో సన్నటి రవ్వలు తేలుతున్నట్టు కనబడటం మామూలే. సైజు సగటున పది పన్నెండు సెంటీమీటర్లు. నూటికి 95 సార్లు ఒకవైపే. అరుదుగా ఒకే గదితో పలచటి గోడ ఉన్న నీటితిత్తిలా కూడా ఉంటుంది. ఆ రకమే ఎక్కువ మోసం చేస్తుంది, సాదా సిస్ట్ అని వదిలేస్తారు. ఎంఆర్ఐ తీస్తే రక్తం నిలిచిన గదులు టీ1 చిత్రాల్లో తెల్లగా మెరుస్తాయి. స్కాన్ స్పష్టంగా ఉంటే దానికోసం రోజులు ఆగక్కర్లేదు.

స్కాన్ రిపోర్టులో నేను ముందు వెతికేది ఒకే వాక్యంలో రెండు కొలతలు. అండాశయంలో గడ్డ ఎంత, గర్భసంచి లోపలి పొర ఎంత. ముట్లు ఆగి బ్లీడింగ్ అవుతున్న మనిషిలో ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడాల్సిందే. గ్రాన్యులోజా గడ్డ ఉన్నవాళ్లలో పావు వంతు నుంచి సగం మందికి హైపర్‌ప్లేసియా దొరుకుతుంది. నూటికి 5 నుంచి 10 మందిలో ఎండోమెట్రియల్ కేన్సర్ కూడా పక్కనే ఉంటుంది. అందుకే ముక్క పరీక్షలో హైపర్‌ప్లేసియా అని వచ్చినప్పుడు గర్భసంచి దగ్గర ఆగిపోకుండా అండాశయాలు చూశారా అని, అండాశయంలో గట్టి గడ్డ కనబడినప్పుడు గర్భసంచి పొర ఎంతుందని, రెండు వైపుల నుంచీ అడగాలి.

ఇప్పుడు లెక్కల్లో జరిగే మోసం. అండాశయ గడ్డ కేన్సరా కాదా అని అంచనా వేయడానికి చాలాచోట్ల వాడేది రిస్క్ ఆఫ్ మాలిగ్నెన్సీ ఇండెక్స్. స్కాన్ స్కోరు, ముట్ల స్కోరు, సీఏ-125 అనే రక్తపరీక్ష విలువ, ఈ మూడింటినీ గుణించడమే. గదులు చాలా ఉండటం, గట్టి భాగాలుండటం, రెండువైపులా ఉండటం, కడుపులో నీరు, బయట వ్యాపించిన గుర్తులు, ఈ ఐదింటిలో ఏవీ లేకపోతే స్కాన్ స్కోరు 0, ఒకటుంటే 1, రెండు గానీ ఎక్కువ గానీ ఉంటే 3. ముట్లు ఆగినవాళ్లకి 3, ఆగనివాళ్లకి 1. మొత్తం 200 దాటితే కేన్సర్ సెంటరుకి పంపమంటారు. ఇప్పుడు 56 ఏళ్ల మనిషిని ఊహించండి. గదులూ గట్టి భాగాలూ కలిసిన 11 సెంటీమీటర్ల గడ్డ, సీఏ-125 విలువ 18. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది పద్దెనిములు 162. గీత కిందే ఉంది కాబట్టి ఊళ్లో నర్సింగ్ హోంలోనే మామూలు సిస్ట్ ఆపరేషన్‌లా చేసేస్తారు. సీఏ-125 అనేది ఎపితీలియల్ కేన్సర్లకు, అంటే పైపొర కణాల నుంచి పుట్టే కేన్సర్లకు, పనికొచ్చే మార్కరు (రక్తంలో కనబడే గుర్తు). గ్రాన్యులోజా కణాలు దాన్ని పట్టించుకోవు. 18 అన్న అంకె ఇక్కడ ధైర్యం చెప్పడానికి చాలదు. గట్టి గడ్డ ఉండి, ఈస్ట్రోజన్ లక్షణాలు ఉంటే ఈ ఇండెక్సును పక్కన పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

రక్తంలో ఏం అడగాలి

ఇన్హిబిన్ బి. ముట్లు ఆగినవాళ్ల రక్తంలో ఇది దాదాపు ఉండదు. అందుకే అక్కడ పెరిగిన విలువకి బరువెక్కువ. ముట్లు వస్తున్నవాళ్లలో నెల పొడుగునా మారుతుంటుంది, అంకెను బట్టి తొందరపడి తేల్చకూడదు. ఆర్డరు రాసేటప్పుడు 'బి' అన్న అక్షరం స్పష్టంగా రాయండి. గర్భిణులకు చేసే క్వాడ్రపుల్ టెస్టులో ఉండేది ఇన్హిబిన్ ఎ. కౌంటరులో 'ఇన్హిబిన్' అని మాత్రమే చెబితే ఏది చేస్తారో చెప్పలేం. గ్రాన్యులోజా గడ్డకు 'ఎ' కన్నా 'బి' బాగా పలుకుతుంది. ఈ పరీక్ష చాలా ల్యాబుల్లో ఇక్కడ చెయ్యరు, బయటికి పంపుతారు. సీరం వెంటనే వేరుచేసి, ఫ్రీజ్ చేసి, కోల్డ్ చెయిన్ తెగకుండా పంపాలి. వైశాఖ మాసపు ఎండలో మామూలు కొరియర్ డబ్బాలో వెళ్లిన నమూనా మీద వచ్చిన అంకెను నేనైతే నమ్మను.

గ్రాన్యులోజా కణాలు చేసే ఇంకో హార్మోను ఏఎంహెచ్. అది నెలసరితో పెద్దగా మారదు, దొరకడం కూడా తేలిక. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో అది మామూలుగానే ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. ఈస్ట్రాడయాల్ మీద మాత్రం పూర్తిగా ఆధారపడకూడదు. గడ్డలో థీకా కణాలు లేకపోతే ముడిసరుకు అందదు, దాదాపు మూడో వంతు గడ్డల్లో ఈస్ట్రాడయాల్ పెరగదు.

చవకలో దొరికే గుర్తు ఇంకొకటుంది, ఎఫ్ఎస్‌హెచ్. ముట్లు ఆగిన మనిషిలో అది ఎక్కువగా ఉండాలి. యాభై ఎనిమిదేళ్ల మనిషికి పాతికేళ్ల అమ్మాయి విలువ వస్తే మెదడుకి ఎవరో 'ఇక చాలు' అని సంకేతం పంపుతున్నారన్నమాట. హార్మోను మాత్రలేవీ వాడట్లేదని తేల్చుకున్నాక చూపు అండాశయం మీదికి పోవాలి.

జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు ఇప్పుడు చాలామంది. బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతిలో నడిచే యంత్రాల్లో అది ఫలితాన్ని తిప్పేస్తుంది. ఈస్ట్రాడయాల్ లాంటి కాంపిటీటివ్ పరీక్షల్లో లేని పెరుగుదల చూపిస్తుంది. సాండ్‌విచ్ పద్ధతి పరీక్షల్లో ఉన్న పెరుగుదలని తగ్గించి చూపిస్తుంది. రక్తం తీసేముందు ఆ మాత్రలు కనీసం రెండు మూడు రోజులు ఆపమని చెప్పాలి. "ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అంటే లేదనే చెబుతారు. విటమిన్ మాత్రలని పేరుపెట్టి అడగాలి.

ముప్ఫై లోపు అమ్మాయిలో గట్టి గడ్డ ఉంటే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ కూడా తప్పనిసరి. అవి జెర్మ్ సెల్ ట్యూమర్ల (అండాన్నిచ్చే కణాల నుంచి పుట్టే గడ్డల) మార్కర్లు, ఆ వయసులో అవే ఎక్కువ.

ఒక మాట ఖాయంగా గుర్తుంచుకోవాలి. మార్కర్ల రక్తం ఆపరేషన్‌కి ముందే తీయాలి. గడ్డ తీశాక ఇన్హిబిన్ కొద్దిరోజుల్లోనే పడిపోతుంది. ముందు విలువ లేకపోతే ఈ మనిషి గడ్డ ఇన్హిబిన్ చేసే రకమా కాదా అన్నది ఇంకెప్పటికీ తెలియదు, తర్వాత ఏళ్ల తరబడి చేసే ఫాలోఅప్ గుడ్డిగా నడుస్తుంది.

సూది పెట్టకండి

ఒక అండాశయానికే పరిమితమైనట్టు కనిపిస్తున్న గడ్డకి స్కాన్ చూస్తూ సూది గుచ్చి కణాలు తీయడం, నీరు లాగడం మంచిది కాదు. గడ్డ పగలకుండా మొత్తంగా బయటికొస్తే ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య) లెక్కలో స్టేజి 1ఎ. ఆపరేషన్‌లో ఒలికితే 1సి1, ముందే పగిలినా, పైపొర మీద గడ్డ ఉన్నా 1సి2, కడుపు నీటిలో గానీ కడిగిన నీటిలో గానీ కేన్సర్ కణాలు దొరికితే 1సి3. జబ్బు తిరగబెట్టడానికి ఈ పగులు ఒక ముఖ్య కారణం. లాప్రోస్కోపీలో చేసినా సంచిలో పెట్టి బయటికి తీయాలి. లోపలే ముక్కలు చేయకూడదు. ఒకవేళ పగిలితే ఎప్పుడు పగిలింది, ఎంత ఒలికింది అన్నది సర్జన్ రాసి పంపాలి. బల్ల మీదికి వచ్చిన పగిలిన గడ్డని చూసి అది కడుపులో పగిలిందా, ట్రేలో పగిలిందా అని పాథాలజిస్టు చెప్పలేడు.

ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ సాగుతుండగానే ముక్కని మంచు కట్టించి చూడటం) ఉన్నచోట వాడుకోవచ్చు గానీ, మంచు కట్టినప్పుడు ఈ గడ్డని పట్టిచ్చే కేంద్రకాల్లోని గీతలు చెరిగిపోతాయి. అందుకే గడ్డ కోసిన తాజా ముఖానికి గాజు పలక అద్ది, గాలి తగలకముందే 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తే ఆ అద్దిన కణాల్లో గీతలు ఫ్రోజెన్ కన్నా బాగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. 'సెక్స్ కార్డ్ స్ట్రోమల్ ట్యూమర్ (గ్రాన్యులోజా గడ్డ ఉండే కుటుంబం) కావచ్చు' అన్న మాట ఆ వేళకి చాలు. వయసులో ఉన్న అమ్మాయి అయితే రెండో అండాశయం, గర్భసంచి ఉంచవచ్చు. గర్భసంచి ఉంచినప్పుడు లోపలి పొర ముక్క తీయడం మాత్రం మరవకూడదు.

ఫార్మలిన్ డబ్బా

ఇంత చదివి ఇక్కడ పాడుచేస్తే అంతా వృథా. పన్నెండు సెంటీమీటర్ల గడ్డని అర లీటరు డబ్బాలో కుక్కి, మీద నాలుగు వేళ్ల మందం కూడా ద్రవం లేకుండా పంపుతారు. కొన్నిచోట్ల సెలైన్‌లో వేసి పంపుతారు. పైపొర గట్టిపడుతుంది, నడుమ భాగం కుళ్లుతుంది. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది, లోతుకి పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. వేసవిలో మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలు బస్సు పార్సిల్‌లో వచ్చిన నమూనా లోపల ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ద్రవం గడ్డ పరిమాణానికి కనీసం పదింతలుండాలి. వాడాల్సింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. ఒక లీటరుకి: బజారులో దొరికే గాఢ ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఆ రెండు లవణాలూ మానేసి కుళాయి నీళ్లలో కలిపేస్తే ఆమ్లం పెరిగి కణాల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ముఖ్యంగా డీఎన్ఏ ముక్కలైపోతుంది. నెల తర్వాత ఫాక్స్‌ఎల్2 జన్యు పరీక్ష (దాని సంగతి కింద ఉంది) పంపితే 'నమూనా పనికిరాదు' అని తిరిగొచ్చేది ఎక్కువగా ఈ కారణానికే.

గడ్డ ల్యాబుకి రాగానే తూకం వేసి, మూడు కొలతలు తీసి, ఫొటో తీయాలి. పైపొరలో పగులుంటే అక్కడ ఇంకు పూయాలి. తర్వాత సెంటీమీటరు మందంతో కోసి, మధ్యలో గుడ్డ గానీ టిష్యూ పేపరు గానీ పెట్టి రాత్రంతా ఫార్మలిన్‌లో ఉంచాలి. కోసిన ముఖం పసుపు, బూడిద రంగుల్లో ఉండి, మధ్యమధ్య రక్తం నిండిన గదులుంటాయి. పెద్ద కొలత ఎన్ని సెంటీమీటర్లో కనీసం అన్ని ముక్కలు తీసుకోవాలి. పసుపుగా గట్టిగా ఉన్న చోట ఎక్కువ, రక్తపు గడ్డల్లోంచి తక్కువ. ఒకే గది ఉన్న తిత్తి అయితే గోడ మందంగా ఉన్న చోట్లు వెతికి మరీ తీయాలి. అందులో గ్రాన్యులోజా పొర అక్కడక్కడే మిగిలి ఉంటుంది.

మైక్రోస్కోపు కింద

పుస్తకాల్లో బొమ్మ వేసి చూపించేవి కాల్-ఎక్స్‌నర్ బాడీలు. కణాలు గుండ్రంగా చేరి మధ్యలో చిన్న ఖాళీలో గులాబీరంగు పదార్థం. పరీక్షలకి చదివిన పిల్లలు వాటికోసమే వెతికి, కనపడకపోతే ఇది గ్రాన్యులోజా కాదంటారు. చాలా గడ్డల్లో అవి అసలుండవు. కణాలు దుప్పటి పరిచినట్టు ఉండొచ్చు, తాళ్లలా సాగొచ్చు, ద్వీపాల్లా విడిపోవచ్చు, ఒకే గడ్డలో మూడూ ఉండొచ్చు. ఎక్కడైనా మారనిది కేంద్రకం. కోలగా, పాలిపోయినట్టు ఉండి, పొడుగునా ఒక గీత. అరకులో ఎండబోసిన కాఫీ గింజని దగ్గరగా చూస్తే ఎలా ఉంటుందో అలాగే. సైటోప్లాజం బహు తక్కువ, విభజనలు కూడా తక్కువే.

ఆ గీత కనబడాలంటే ముక్క 3-4 మైక్రాన్లకి మించకూడదు, ఫిక్సేషన్ బాగుండాలి, హెమటాక్సిలిన్ మరీ ముదరకూడదు. 40 అబ్జెక్టివ్‌లో ఫైన్ ఫోకస్ కొంచెం పైకీ కిందికీ ఆడిస్తూ చూడాలి. నలుపెక్కిన కేంద్రకంలో గీత ఉన్నా కనబడదు. జువెనైల్ రకంలో అసలు గీతలుండవు. సైటోప్లాజం ఎక్కువ, విభజనలు ఎక్కువ. ఈ తేడా తెలియకపోతే ఎనిమిదేళ్ల పిల్ల గడ్డని చూసి భయంకరమైన కేన్సరనుకునే ప్రమాదముంది.

దీన్ని పోలినవి చాలా ఉన్నాయి. ఎండోమెట్రియాయిడ్ కార్సినోమా కొన్నిసార్లు అచ్చం ఇలాగే సన్న తాళ్లుగా పెరుగుతుంది. కార్సినాయిడ్ (న్యూరోఎండోక్రైన్ కణాల గడ్డ), ఫైబ్రోమా (నార కణాల గడ్డ), థీకోమా (థీకా కణాల గడ్డ), గర్భసంచి నుంచి వ్యాపించిన స్ట్రోమల్ సార్కోమా ఉన్నాయి. పడుచు వయసు అమ్మాయిలో రక్తంలో కాల్షియం పెరిగి ఉంటే హైపర్‌కాల్సీమిక్ రకం స్మాల్ సెల్ కార్సినోమా. చివరిది మహా దుర్మార్గమైనది, దాన్ని గ్రాన్యులోజా అని రాస్తే ప్రాణం మీదికొస్తుంది. అందులో ఎస్‌మార్క్‌ఏ4 ప్రోటీన్ పోయి ఉంటుంది, ఆ ఒక్క స్టెయిన్‌తో తేలిపోతుంది.

రెటిక్యులిన్‌ని మరిచిపోయారు

కణాల మధ్య ఉండే సన్నటి రెటిక్యులిన్ దారాల్ని నల్లగా చూపించే సిల్వర్ స్టెయిన్ ఇది, ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో కణాల్లోని ప్రోటీన్లకు రంగు వేసే పద్ధతి) వచ్చాక మూలపడింది. థీకోమా, ఫైబ్రోమా వైపా, గ్రాన్యులోజా వైపా అన్న తగువుని నాలుగు రసాయనాలతో తీరుస్తుంది. ఫైబ్రోమా, థీకోమాల్లో నల్లటి దారం ఒక్కో కణం చుట్టూ అల్లుకుని ఉంటుంది. గ్రాన్యులోజాలో దారం గుంపు చుట్టూ పోతుంది, గుంపు లోపల కణాల మధ్య ఉండదు. ఇన్హిబిన్, కాల్‌రెటినిన్ ఈ మూడింటిలోనూ పాజిటివ్ రావచ్చు కాబట్టి ఈ తగువులో ఐహెచ్‌సీ పెద్దగా ఆదుకోదు.

గోర్డన్-స్వీట్స్ పద్ధతిలో ఆమ్లం కలిపిన పొటాషియం పర్మాంగనేట్ ఐదు నిమిషాలు, కడిగి 1 శాతం ఆక్సాలిక్ ఆమ్లంతో తెల్లబరచడం, 2.5 శాతం ఐరన్ ఆలంలో పదిహేను నిమిషాలు, డిస్టిల్డ్ వాటర్‌లో మూడు నాలుగు మార్లు కడగడం, అమోనియాకల్ సిల్వర్‌లో కొన్ని సెకన్లు, మళ్లీ కడిగి 10 శాతం ఫార్మలిన్‌తో నల్లబరచడం, 0.2 శాతం గోల్డ్ క్లోరైడ్‌తో టోనింగ్, 5 శాతం హైపోతో ముగింపు. చెడేది సిల్వర్ ద్రావణం దగ్గరే. 10 శాతం సిల్వర్ నైట్రేట్ 5 మిల్లీలీటర్లు తీసుకుని, గాఢ అమోనియా చుక్క చుక్కగా వేస్తూ పుట్టిన మడ్డి కరిగే దాకా తిప్పాలి. 3.1 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 5 మిల్లీలీటర్లు కలపగానే మళ్లీ మడ్డి వస్తుంది. అది కరిగీ కరగనట్టు, సన్నటి మసక మిగిలేదాకా మళ్లీ అమోనియా వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో 50 మిల్లీలీటర్లు చేయాలి. ఆ మసక కూడా పోయేలా ఒక్క చుక్క ఎక్కువేస్తే స్టెయిన్ పేలవంగా వస్తుంది, దారాలు కనబడవు, 'రెటిక్యులిన్ లేదు' అని తప్పు చదువుతారు. ఎక్కడైనా కుళాయి నీళ్లు తగిలితే క్లోరైడ్‌తో తెల్లటి మడ్డి పడుతుంది. మిగిలిన ద్రావణం దాచుకోకూడదు, ఎండితే పేలే స్వభావముంది. ఉప్పునీళ్లు కలిపి అదే రోజు పారబోయాలి. రక్తనాళాల గోడలు నల్లగా వచ్చాయా అన్నది స్లయిడులోనే ఉన్న కంట్రోలు. అవి రాకపోతే ఆ స్లయిడు మీద ఏమీ చెప్పకండి.

ఐహెచ్‌సీ, ఆ తర్వాత జన్యువు

డబ్బు తక్కువున్నచోట నాలుగు స్టెయిన్లతో మొదలుపెట్టవచ్చు: ఇన్హిబిన్ ఆల్ఫా, కాల్‌రెటినిన్ పాజిటివ్, కార్సినోమాల్లో వచ్చే ఈఎంఏ, సీకే7 నెగటివ్. కార్సినోమా అనుమానం పోకపోతే పాక్స్8, సెక్స్ కార్డ్ వైపు గట్టిపరచాలంటే ఎస్ఎఫ్-1. మామూలు పాన్ సైటోకెరాటిన్ ఒక్కటే చేయించి 'పాజిటివ్ వచ్చింది కాబట్టి కార్సినోమా' అనడం పొరపాటు. గ్రాన్యులోజాలోనూ అది చుక్కలుగా వస్తుంది. సీడీ56 చూసి కార్సినాయిడ్ అనడం ఇంకో పొరపాటు. గ్రాన్యులోజా కణాలు దానికి బాగానే పలుకుతాయి, న్యూరోఎండోక్రైన్ అనాలంటే క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ కావాలి. ఇన్హిబిన్‌లోనూ ఉచ్చుంది. వేరే చోటి నుంచి అండాశయానికి పాకిన కేన్సర్ చుట్టూ ఉన్న మామూలు స్ట్రోమా కణాలు ల్యూటినైజ్ అయి (హార్మోన్లు చేసే కణాల్లా మారి) ఇన్హిబిన్‌కి రంగు పడతాయి. గడ్డ కణమా, దాని పక్క కణమా అన్నది మామూలు రంగు వేసిన హెచ్ అండ్ ఈ స్లయిడుని పక్కన పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

2009లో వాంకూవర్ బృందం అడల్ట్ గ్రాన్యులోజా గడ్డల్లో దాదాపు అన్నింటిలో ఒకే ఒక్క అక్షరం మారిందని కనిపెట్టింది. ఫాక్స్‌ఎల్2 జన్యువులో 402వ స్థానంలో సి బదులు జి, దానివల్ల 134వ అమైనో ఆమ్లం సిస్టీన్ పోయి ట్రిప్టోఫాన్. జువెనైల్ రకంలో ఇది సాధారణంగా ఉండదు. కొన్ని థీకోమాల్లో ఉంటుంది కాబట్టి రెటిక్యులిన్ అవసరం ఇక్కడా తీరదు. మారే చోటు ఒక్కటే కాబట్టి ఆ చోటున్న చిన్న డీఎన్ఏ ముక్కని పీసీఆర్ చేసి సాంగర్ సీక్వెన్సింగ్‌తో చదివితే చాలు, పెద్ద ప్యానెల్ అక్కర్లేదు. పంపేముందు పాథాలజిస్టు గడ్డ కణాలు దట్టంగా ఉన్న బ్లాకుని (మైనంలో పొదిగిన గడ్డ ముక్కని) తానే ఎంచాలి. మార్పు రెండు కాపీల్లో ఒకదాంట్లోనే ఉంటుంది. కణాల్లో 40 శాతం గడ్డవైతే మారిన కాపీ 20 శాతమే. సాంగర్ చూడగలిగే అంచు ఇంచుమించు అదే. రక్తపు గడ్డలూ స్ట్రోమా నిండిన బ్లాకు పంపితే 'మార్పు లేదు' అని వస్తుంది, అది అబద్ధపు నెగటివ్.

ఫాక్స్‌ఎల్2 ఐహెచ్‌సీ, ఫాక్స్‌ఎల్2 మ్యుటేషన్ ఒకటి కావు. ఐహెచ్‌సీ ప్రోటీన్ ఉందా లేదా చెబుతుంది, ఫైబ్రోమాలోనూ మామూలు అండాశయంలోనూ వస్తుంది. 'ఫాక్స్‌ఎల్2 పాజిటివ్' అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు చూస్తే ఏది చేశారో ఫోన్ చేసి అడగండి. ఆకారం, రెటిక్యులిన్, నాలుగు స్టెయిన్లూ ఒకే మాట చెబుతుంటే మ్యుటేషన్ పరీక్ష లేకుండానే నిర్ధారణ రాయొచ్చు. ఒకే గది తిత్తులు, సార్కోమాలా కనబడేవి, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో తేలిన గడ్డలు, వీటికి డబ్బు పెట్టడం న్యాయం.

రిపోర్టులో ఉండాల్సినవి, ఇంట్లో ఉంచుకోవాల్సినవి

గడ్డ సైజు, పైపొర తీరు, పగులు ఎప్పటిది, విభజనల లెక్క, కడిగిన నీటి ఫలితం, గర్భసంచి పొర ఏమంటోంది, ఫిగో స్టేజి. ఇవి లేని రిపోర్టుని మళ్లీ రాసి ఇవ్వమని అడిగే హక్కు సర్జన్‌కీ ఉంది, పేషెంటుకీ ఉంది. రెండో అభిప్రాయం కావాలంటే ఊళ్లోనే కేజీహెచ్, ఆంధ్ర వైద్య కళాశాల ఉన్నాయి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు జిరాక్సు ఒక్కటే పట్టుకెళితే లాభం లేదు, స్లయిడ్లతో పాటు మైనపు బ్లాకులు కావాలి. "మేడమ్, అత్తమ్మకి గడ్డ తీసేశారు కదా, ఈ డబ్బీ ఇంకెందుకు?" అని కోడళ్లు అడుగుతారు. ఈ జబ్బు పదేళ్లకి, ఇరవై ఏళ్లకి కూడా తిరిగి రాగలదు. అప్పుడు వచ్చినది పాతదేనా అని పోల్చడానికి ఆ బ్లాకులే ఆధారం. మైనం 56-60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద, వంటింటి అలమరలో పెట్టకూడదు. నీడగా, పొడిగా ఉన్న బీరువాలో ల్యాబు నంబరు కనబడేలా ఉంచాలి.

ఫాలోఅప్‌లో ఇన్హిబిన్ బి ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించాలి. కిట్ మారితే అంకె మారుతుంది, జబ్బు తిరగబెట్టిందని లేనిపోని సీటీలు తీయిస్తారు. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఇక రానక్కర్లేదన్న మాట ఈ గడ్డకి వర్తించదు. ఆపరేషన్‌కి ముందు ఇన్హిబిన్ పెరగని గడ్డ అయితే రక్తం మీద ఆశ పెట్టుకోకుండా స్కానూ, డాక్టరు చేతి పరీక్షా కొనసాగించాలి.